మిగులు ఊలుతో టోపీలు, కౌల్‌లు: మీరడిగారు, మేం చెబుతున్నాం

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే సంగతి గురించి. స్వెటర్లు, శాలువాలు అల్లాక మిగిలిపోయిన ఊలు ఉండలు పేరుకుపోయాయి, టోపీలు, మెడ చుట్టూ గొట్టంలా వేసుకునే కౌల్‌లు అల్లి వాటిని ఖర్చు చేద్దామంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదని రాశారు. పనికొచ్చే ప్రశ్నలు ఏరి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: నా దగ్గర ముప్ఫైకి పైగా చిన్నా పెద్దా ఉండలున్నాయి. సగం వాటికి లేబుళ్లు లేవు. దేనితో ఏం అవుతుందో ఎలా తెలుసుకోవాలండీ?

రంగులు జతచేయడం చివరి పని. ముందు తూకం వేయండి. వంటింట్లో గ్రాముల లెక్కన తూచే చిన్న డిజిటల్ త్రాసు చాలు. ఒక్కో ఉండనీ తూచి, బరువు చీటీ మీద రాసి దానికే గుచ్చేయండి.

తర్వాత మందం. స్కేలు మీద ఊలును పక్కపక్కనే, లాగకుండా, ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా చుట్టి, రెండున్నర సెంటీమీటర్లలో ఎన్ని చుట్లు పట్టాయో లెక్కపెట్టండి. సుమారు 14, ఆ పైన వస్తే అది సన్నటి ఫింగరింగ్ రకం. 11 నుంచి 13 వస్తే మధ్యస్థంగా ఉండే డీకే. 9, 10 వస్తే దానికన్నా కాస్త లావైన వర్‌స్టెడ్. 7, 8 వస్తే బాగా లావు ఊలు. దారాన్ని బిగించి చుడితే చుట్లు ఎక్కువ పట్టి, లావు ఊలు కూడా సన్నగా కనబడుతుంది. ఈ పరీక్షలో జరిగే పొరపాటు దాదాపు ఎప్పుడూ ఇదే.

ఒకే మందం ఉన్నవన్నీ ఒక సంచిలో వేసి, ఆ సంచి మొత్తం బరువు చూడండి. పెద్దవాళ్ల టోపీకి, అంచు మడత లేకుండా, ఫింగరింగ్ అయితే 40 నుంచి 45 గ్రాములు, డీకే 50 నుంచి 55, వర్‌స్టెడ్ 75 నుంచి 90 గ్రాములు పడుతుంది. అంచు మడిచే టోపీ కావాలంటే డీకేలో మరో 15 గ్రాములు కలుపుకోండి. 60 సెంటీమీటర్ల చుట్టుకొలత, 24 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న కౌల్‌కి డీకే 75 నుంచి 80 గ్రాములు కావాలి. చేయి వదులుగా ఆడేవాళ్లకి పది శాతం ఎక్కువే పడుతుందని అనుకోండి.

పది గ్రాములలోపు ముక్కల్ని విడిగా ఒక డబ్బాలో ఉంచండి. అవి చారలకి, బొచ్చు బంతులకి పనికొస్తాయి. వాటితోనే టోపీ మొత్తం అల్లాలని కూర్చుంటే అల్లేది కాస్త, కొసలు దాచేది ఎక్కువ అవుతుంది. అలాంటి టోపీని చాలామంది సగంలోనే వదిలేస్తారు. అందుకే ఒక టోపీకి మూడు, మహా అయితే నాలుగు ఉండలకి మించి వాడొద్దని మా సలహా.

ప్రశ్న: సన్న ఊలు ఎక్కువ ఉంది, లావు ఊలు తక్కువ ఉంది. రెండూ ఒకే టోపీలో వాడొచ్చా?

పక్కపక్కన చారలుగా వద్దు. సన్న ఊలు వచ్చిన చోట టోపీ నడుం బిగించినట్టు లోపలికి పోతుంది, లావు ఊలు వచ్చిన చోట ఉబ్బుతుంది. తడిపి ఆరబెట్టినా ఆ తేడా పోదు.

సన్న ఊలును రెండు పోగులు కలిపి పట్టుకుని అల్లండి. ఎంత మందం వస్తుందో లెక్క కట్టవచ్చు. 100 గ్రాములకి ఎన్ని మీటర్లో రెండు ఊలు రకాలకీ చూసి, ఆ రెండు అంకెల్నీ గుణించి, వచ్చినదాన్ని ఆ రెంటి మొత్తంతో భాగించండి. 400 మీటర్ల రకం రెండు పోగులు కలిస్తే 200 మీటర్ల రకంతో, అంటే వర్‌స్టెడ్‌తో సమానం. 400 మీటర్లది, 220 మీటర్లది కలిపితే సుమారు 142 మీటర్ల రకం అవుతుంది. అది లావు ఊలు కిందే లెక్క. దానికి 5.5 లేదా 6 మిల్లీమీటర్ల సూది పట్టండి.

ఇలా కలిపితే రంగులు కలగలిసి చుక్కలు చుక్కలుగా కనబడతాయి. విడిగా ఎవరికీ నచ్చని రంగులు కూడా ఒక ముదురు బూడిద రంగు పోగుతో కలిస్తే కుదురుకుంటాయి. మిగులు ఊలును ఖర్చు చేయడానికి ఇంతకన్నా చక్కటి దారి మాకు కనిపించలేదు.

ప్రశ్న: తల కొలత 56 సెంటీమీటర్లు. గేజ్ (10 సెంటీమీటర్లలో పట్టే కుట్ల లెక్క) ప్రకారం సరిగ్గా 124 కుట్లు ఎక్కించాను. అయినా టోపీ కళ్ల మీదికి జారుతోంది. ఎందుకు?

గేజ్ 10 సెంటీమీటర్లకి 22 కుట్లు అయితే 124 కుట్లకి 56 సెంటీమీటర్లే వస్తుంది. లెక్క తప్పలేదు, కొలత ఎంచుకోవడంలో తేడా జరిగింది. టోపీ తలని పట్టుకుని ఉండాలంటే తలకన్నా 4 నుంచి 5 సెంటీమీటర్లు చిన్నగా అల్లి, సాగనివ్వాలి. అంటే మీరు అల్లాల్సింది 51 సెంటీమీటర్లు. 51 ని 2.2 తో గుణిస్తే 112 వస్తుంది. పైభాగంలో కుట్లు తగ్గించడానికి 8 తో, కింద రెండు నిట్ (నునుపుగా కనబడే మామూలు కుట్టు), రెండు పర్ల్ (గుబ్బలా కనబడే తిరగేసిన కుట్టు) చొప్పున అల్లే సాగే అంచుకి, అంటే రిబ్‌కి 4 తో భాగించబడే సంఖ్య కావాలి. 112 రెంటికీ సరిపోతుంది.

ఇంకో కారణం కూడా ఉండొచ్చు. గేజ్ చూసుకోవడానికి అల్లే నమూనా ముక్కని అటూ ఇటూ తిప్పుతూ అల్లి, టోపీని మాత్రం గుండ్రంగా అల్లుతారు. పర్ల్ వరుసలు చాలామందికి కాస్త వదులుగానో బిగువుగానో వస్తాయి. గుండ్రంగా అల్లేటప్పుడు పర్ల్ వరుసలే ఉండవు కాబట్టి గేజ్ మారిపోతుంది. 22 కి బదులు 20 కుట్లే వచ్చాయనుకోండి, అదే 112 కుట్ల టోపీ 56 సెంటీమీటర్లకి పెరుగుతుంది. రెండు కుట్ల తేడాకి ఐదు సెంటీమీటర్లు! అందుకని నమూనా ముక్కలోనూ నిట్ వరుసలే అల్లండి. ప్రతి వరుస చివర ముక్కని తిప్పకుండా, కుట్లని రెండు మొనల సూది రెండో కొసకి జరిపి, ఊలును వెనకాల వదులుగా తెచ్చుకుని మళ్లీ కుడి అంచు నుంచే మొదలుపెట్టాలి.

డీకే ఊలుతో టోపీ పూర్తి కొలతలివి. 3.5 మిల్లీమీటర్ల సూదిపై 112 కుట్లు ఎక్కించి 4 సెంటీమీటర్లు రిబ్ అల్లండి. 4 మిల్లీమీటర్ల సూదికి మారి, మొదటి అంచు నుంచి 14.5 సెంటీమీటర్లు వచ్చేదాకా అంతా నిట్. అక్కడి నుంచి పైభాగం. 12 నిట్ అల్లి రెండు కుట్లు కలిపి ఒకటి చేయండి, రౌండ్ అంతా ఇలాగే. తర్వాతి రౌండ్ మామూలుగా. మళ్లీ 11 నిట్, రెండు కలిపి ఒకటి. ప్రతి తగ్గింపు రౌండ్‌లో 8 కుట్లు పోతాయి. 56 కుట్లు మిగిలేదాకా ఒక రౌండ్ తగ్గించి ఒకటి మామూలుగా, ఆ తర్వాత ప్రతి రౌండూ తగ్గిస్తూ 8 కుట్లకి రండి. ఊలు కత్తిరించి, పెద్ద సూదితో ఆ 8 కుట్లలోంచి రెండుసార్లు తీసి లాగి, లోపలివైపు ముడి పెట్టండి. ఒక్కసారే తీస్తే కొన్నాళ్లకి నడినెత్తిన చిల్లు కనబడుతుంది.

40 సెంటీమీటర్ల సర్క్యులర్ సూది (తీగతో కలిపిన జంట సూది) మీద 80 కుట్ల దాకా హాయిగా నడుస్తుంది. అంతకన్నా తగ్గాక కుట్లు సాగిపోతాయి, రెండు మొనల సూదులకి మార్చుకోండి.

ప్రశ్న: పైభాగం దగ్గరికొచ్చాక ఊలు అయిపోతుందేమోనని భయం. ముందే తెలుసుకునే వీలుందా?

ఉంది. పై కొలతల టోపీలో పైభాగం మొత్తం కుట్లలో దాదాపు ఐదో వంతు. 55 గ్రాముల టోపీ అయితే తగ్గింపులు మొదలుపెట్టే చోట చేతిలో 12 గ్రాములు ఉండాలి, 15 ఉంటే నిశ్చింత. అంతకన్నా తక్కువ ఉంటే అక్కడే రంగు మార్చేయండి. తగ్గింపులు మొదలయ్యే గీత దగ్గర మారిన రంగు కావాలని మార్చినట్టే ఉంటుంది. నాలుగు రౌండ్లు పోయాక మారిస్తే ఊలు చాలక మార్చారని ఇట్టే తెలిసిపోతుంది.

కౌల్‌కి ఈ బాధ లేదు, ఊలు ఉన్నంత ఎత్తు అల్లుకోవచ్చు. కుట్లు మూయడానికి మాత్రం చుట్టుకొలతకి నాలుగింతలు పొడవు మిగుల్చుకోవాలి. 60 సెంటీమీటర్ల కౌల్‌కి రెండున్నర మీటర్లు.

ప్రశ్న: చారలు అల్లితే రౌండ్ మొదలయ్యే చోట మెట్టులా కనిపిస్తోంది. కొసలు కూడా లెక్కలేనన్ని. ముడులు వేసేస్తే తప్పా?

గుండ్రంగా అల్లడమంటే నిజానికి మెట్లు ఎక్కినట్టు పైకి చుట్టుకుంటూ పోవడమే. కొత్త రౌండ్ మొదటి కుట్టు పాత రౌండ్ చివరి కుట్టు కన్నా ఒక వరుస పైన ఉంటుంది. అందుకే ఆ మెట్టు. కొత్త రంగుతో ఒక రౌండ్ మామూలుగా అల్లండి. రెండో రౌండ్ మొదటి కుట్టు అల్లబోయే ముందు, దాని కిందనున్న పాత రంగు కుట్టు కుడి కాలుని కుడి సూదితో పైకెత్తి ఎడమ సూది మీద వేసి, రెంటినీ కలిపి నిట్ చేయండి. పాత రంగు ఒక్క కుట్టు పైకి లాగబడి మెట్టు సర్దుకుంటుంది.

ఒక్కో రౌండ్‌కీ రంగు మారే చారలకి ఇది పనిచేయదు. అక్కడ రెండు ఉండలూ వేలాడుతుండగానే అల్లాలి. మొదటిదానితో ఒక రౌండ్ అల్లి వదిలేసి, రెండోదానితో మొదటిది వేలాడే చోటిదాకా రండి. దాన్ని వదిలి మొదటిది అందుకోండి. మార్చేటప్పుడు పోగుల్ని మెలిపెట్టొద్దు, లాగొద్దు. మెట్టు అసలు ఏర్పడదు, కొసలూ రెండే.

ముడుల సంగతి. టోపీ లోపలి ముడి నుదుటికి గుచ్చుకుంటుంది, సాగినప్పుడు బయటికి వస్తుంది, కొన్నిసార్లు ఊడుతుంది కూడా. అసలైన ఉన్ని అయితే రెండు కొసల పురి విప్పి, ఒకదానిమీద ఒకటి వేసి, కాస్త తడిచేసి అరచేతుల మధ్య గట్టిగా రుద్దండి, అతుక్కుపోతాయి. యాక్రిలిక్, కాటన్, మెషిన్‌లో ఉతకదగ్గదని లేబుల్ మీద ఉండే సూపర్‌వాష్ ఉన్ని ఎంత రుద్దినా అతకవు. వాటికి 15 సెంటీమీటర్ల కొసలు వదిలి, సూదితో లోపలివైపు ఒకసారి అటు, ఒకసారి వెనక్కి నడపాలి. ఒకే దిక్కున నడిపితే నాలుగు ఉతుకుల్లో బయటికి జారుతుంది.

ప్రశ్న: కౌల్ అంచులు చుట్టుకుపోతున్నాయి. ఇస్త్రీ చేస్తే సరిపోతుందా?

సరిపోదు. అంతా నిట్ ఉన్న అల్లిక స్వభావమే అంత, పై కింది అంచులు ముందుకి చుట్టుకుంటాయి. యాక్రిలిక్ మీద వేడి ఇస్త్రీ పెట్టారంటే పోగులు కరిగి అల్లిక జావగారిపోతుంది, ఇక కోలుకోదు. అంచుల్లోనే జాగ్రత్తపడాలి. కింద, పైన 3 సెంటీమీటర్ల రిబ్ గానీ, ఒక రౌండ్ నిట్, ఒక రౌండ్ పర్ల్ చొప్పున 8 రౌండ్లు గానీ వేయండి. డీకేలో 132 కుట్లు 60 సెంటీమీటర్లకి సరిపోతాయి. మూసేటప్పుడు ఒక మిల్లీమీటరు పెద్ద సూది వాడండి, లేకపోతే పై అంచు బిగుసుకుని తల దూరదు.

గుండ్రంగా కలిపేటప్పుడు కుట్లు మెలిపడితే మొత్తం విప్పాల్సిందే. అందుకే మొదటి రెండు వరుసలు కలపకుండా అటూ ఇటూ అల్లి, అప్పుడు కలపండి. అంచు కాస్త వెడల్పై ఉంటుంది కాబట్టి మెలిక కంటికి కనబడుతుంది. కింద మిగిలిన చిన్న సందుని మొదటి కొసతోనే కుట్టేయవచ్చు.

ప్రశ్న: ఏ ఊలో తెలియనివి ఎలా ఉతకాలి?

చిన్న ముక్కని పట్టకారుతో పట్టుకుని, నీళ్లు పోసిన స్టీలు పళ్లెం మీద వెలిగించి చూడండి. వెంట్రుక కాలిన వాసన వచ్చి, బూడిద వేళ్ల మధ్య పొడైతే అది ఉన్ని. కాగితంలా మండి బూడిద రంగు పొడి మిగిలితే కాటన్. కరిగి గట్టి నల్లపూసలా మారితే యాక్రిలిక్ లాంటి సింథటిక్. కలిసిన రకమైతే రెండు లక్షణాలూ కనిపిస్తాయి. కరిగిన బొట్టుని ముట్టుకోవద్దు, చర్మానికి అంటుకుని కాలుతుంది.

ఒకే టోపీలో రెండు మూడు రకాలుంటే వాటిలో ఏది నాజూకో దాని ప్రకారమే ఉతకాలి. ఉన్ని ఒక్క చార ఉన్నా గోరువెచ్చని నీళ్లే, రుద్దడం, పిండడం వద్దు. తువ్వాలులో చుట్టి నొక్కి, పరిచి ఆరబెట్టండి. ఎరుపు, ముదురు నీలం పక్కన తెలుపు అల్లే ముందు ముదురు రంగు ముక్కని తడి తెల్లగుడ్డలో అరగంట చుట్టి ఉంచి, రంగు దిగుతుందేమో చూసుకోండి.

ప్రశ్న: 25 గ్రాముల మెత్తటి డీకే మిగిలింది. పసిబిడ్డ టోపీకి చాలుతుందా?

చాలుతుంది. 72 కుట్లు ఎక్కించండి. 10 సెంటీమీటర్ల దాకా అల్లి, 7 నిట్ అల్లి రెండు కలిపి ఒకటి చేసే రౌండ్‌తో తగ్గింపులు మొదలుపెట్టండి. ఉతకడానికి తేలికైన మెత్తటి యాక్రిలిక్ గానీ సూపర్‌వాష్ ఉన్ని గానీ వాడండి, బొచ్చు లేచే మోహైర్ వద్దు. నోట్లోకి పోతాయి కాబట్టి గుండీలు, బొచ్చు బంతులు కుట్టొద్దు, మెడ కింద కట్టే తాళ్లూ వద్దు. ఇంట్లో బిడ్డని నిద్రపుచ్చేటప్పుడు టోపీ తీసేయాలని ఇచ్చేటప్పుడే తల్లికి చెప్పండి. పసివాళ్ల ఒంట్లోని అదనపు వేడి తల నుంచి కూడా బయటికి పోతుంది, నిద్రలో టోపీ ఉంటే ఒళ్లు మరీ వేడెక్కవచ్చు.