రాళ్లలో గవ్వలు వెతుక్కునే అమ్మాయికి ఉద్యోగం వస్తుందా?

ఒకమ్మ రాశారు. వాళ్లమ్మాయి పన్నెండో తరగతి, బయాలజీ అంటే ప్రాణం. సున్నపురాయి ముక్కల్లో మధ్యలో చిల్లున్న బటన్ల లాంటివి కనపడ్డాయట, అప్పట్నుంచీ ఫాసిల్సే (శిలాజాలు, అంటే రాళ్లలో మిగిలిపోయిన పాత జీవుల ఆనవాళ్లు) చదువుతానని పట్టు. వాళ్ల నాన్నగారేమో "రాళ్లు చదివితే కడుపు నిండుతుందా, పోనీ డైనోసార్లయినా కాదు, గవ్వలూ పురుగులూనూ" అంటున్నారట. ఏం చెయ్యమంటారు సార్ అని అడిగారు.

అమ్మా, ముందు ఆ బటన్ల సంగతి చెప్తాను. మీరు రాసిన దాన్నిబట్టి అవి క్రినాయిడ్ కాడ ముక్కలు అయ్యుండొచ్చు. సీ లిల్లీ అంటారు, పేరుకే పువ్వు, నిజానికి అది జంతువు, స్టార్‌ఫిష్‌కి చుట్టం. కాడంతా ఇలాంటి బిళ్లలు ఒకదానిమీద ఒకటి పేర్చినట్టు ఉంటుంది, జీవి చచ్చాక కండ కుళ్లిపోయి బిళ్లలన్నీ విడిపోయి సముద్రం అడుగు బురదలో చెల్లాచెదురుగా పడిపోతాయి, కొన్నిచోట్ల సున్నపురాయి పొర మొత్తం వీటితోనే నిండి ఉంటుంది. విరిగిన బిళ్ల ఒకటి తీసుకుని ఎండలో అటూ ఇటూ తిప్పి చూడమనండి. విరిగినచోట నున్నగా, అద్దంపెంకు లాగా ఒక్కసారిగా తళుక్కుమందంటే నా ఊహ కరెక్టే అనుకోవచ్చు, ఎందుకంటే ఒక్కో బిళ్లా ఒక్కటే కాల్సైట్ (సున్నపురాయిలో ఉండే ఖనిజం) స్ఫటికం. మామూలు గవ్వ పెంకు అలా మెరవదు.

ఇక నాన్నగారి మాట. తీసిపారేసే మాటేం కాదు. అచ్చంగా పేలియంటాలజిస్ట్ (ఫాసిల్స్ చదివే శాస్త్రవేత్త) అనే పేరుతో ఉండే పోస్టులు ఏ దేశంలోనైనా తక్కువే. యూనివర్సిటీలు, మ్యూజియాలు, సర్వే సంస్థలు, అంతే, అందులోనూ చాలావాటికి పీహెచ్‌డీ కావాలి. కానీ డైనోసార్లు కాదే అని బాధపడటం దగ్గర మాత్రం ఆయన పొరబడ్డారు. డైనోసార్ ఎముక దొరకడం అరుదు, సముద్రపు గవ్వలు గుట్టలుగా దొరుకుతాయి, పైగా ఒక్కో కాలానికి ఒక్కో రకం, కాబట్టి రాయి వయసు చెప్పడానికి పనికొచ్చేవి ఇవే. పొరలో ట్రైలోబైట్ (ఎప్పుడో అంతరించిపోయిన సముద్రపు జీవి) కనపడిందంటే అది 25 కోట్ల ఏళ్ల కంటే పాతదే. విలియం స్మిత్ అని కాలవల పనుల్లో తిరిగిన సర్వేయరు, పెద్ద చదువేం లేదు, ఈ కిటుకుతోనే పొరల్ని గుర్తుపట్టి 1815లో ఇంగ్లండ్, వేల్స్ మొత్తానికి జియాలజీ మ్యాప్ గీసేశాడు.

ఈ కిటుకు ఇప్పటికీ జీతం పెడుతోంది. ఆయిల్ బావి తవ్వేటప్పుడు డ్రిల్ బిట్ రాయిని నూక చేసేస్తుంది, అందులో పెద్ద గవ్వ ఏం మిగుల్తుంది, కానీ ఇసుక రేణువంత ఉండే ఫొరామినిఫెరా పెంకులు మిగుల్తాయి (ఇవి ఏకకణ జీవులు, జంతువుల లెక్కలోకి రావు, అయినా చదువులో వీటి పక్కనే వస్తాయి). మైక్రోస్కోప్ కింద వాటిని చూసి డ్రిల్ ఏ పొరలో ఉందో చెప్పే మనిషి కావాలి. 1994లో తెరిచిన ఛానల్ టన్నెల్ (ఇంగ్లండ్, ఫ్రాన్స్ మధ్య రైలు సొరంగం) కోసం సముద్రం కింద పొరల్ని పరిశీలించినప్పుడు కూడా ఈ పెంకుల్నే ఆధారం చేసుకున్నారు. పాత వాతావరణం లెక్కలు ఇంకో దారి, పెంకుల్లోని ఆక్సిజన్ ఐసోటోపుల (ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న అణువులు) పాళ్ల నుంచి అప్పటి సముద్రం వేడి అంచనా కడతారు. ఆయిల్ ఉద్యోగాలు మాత్రం చమురు ధరతోపాటు లేస్తూ పడుతూ ఉంటాయి, దాన్నొక్కదాన్నే నమ్ముకోవద్దని నా మాట.

అందుకే డిగ్రీలోనే ఫాసిల్స్ అని బిగించుకోకుండా జియాలజీ తీసుకోమనండి, బయాలజీ వదలొద్దు, ఎమ్మెస్సీలో మైక్రోపేలియంటాలజీ (మైక్రోస్కోప్ కింద చూసే బుల్లి ఫాసిల్స్ చదువు) వైపు తిరగొచ్చు. అప్పటికీ మనసు మారితే గనులు, భూగర్భ జలాలు, ఇంజినీరింగ్ జియాలజీ ఎలాగూ ఉంటాయి. స్టాటిస్టిక్స్, కొంచెం కోడింగ్ తప్పవు, లెక్కలంటే భయపడి ఇటు వస్తున్నట్టయితే ఇప్పుడే చెప్పెయ్యమనండి.

ఇంకోటి, యాసిడ్ జోలికి పోవద్దనండి. సున్నపురాయి మీద పల్చటి హైడ్రోక్లోరిక్ యాసిడ్ చుక్క వేస్తే బుసబుసా పొంగుతుంది, చూడ్డానికి సరదాగానే ఉంటుంది. నేను జియాలజీ చదివే రోజుల్లో ఆ సరదాతోనే మంచి బ్రాకియోపాడ్ (రెండు చిప్పల సముద్రపు జీవి) ఫాసిల్ మీద పోశాను, పెంకు కూడా కాల్సైటే కదా, గీతలన్నీ కరిగి నున్నటి గులకరాయి మిగిలింది.

ఈ నెల ఒక్క పని చాలు. దొరికిన ప్రతి ముక్కకీ ఎక్కడ, ఏ పొరలో, పైవైపు ఏది అని నోట్‌బుక్‌లో రాయాలి, చోటు తెలియని ఫాసిల్‌తో వయసు లెక్కలకి పెద్దగా ఉపయోగం లేదు. ఎవరి స్థలమో వాళ్లని అడిగే ఏరాలి. రెండు చిప్పల గవ్వ దొరికితే పెన్సిల్‌తో బొమ్మ వేసి, ఒక్క చిప్ప మధ్యలో నిలువుగా గీత గీసి కుడీ ఎడమా ఒకేలా ఉన్నాయేమో చూడమనండి. ఒకేలా ఉంటే చాలావరకు బ్రాకియోపాడ్, లేకపోతే ఆల్చిప్ప జాతి బైవాల్వ్ అయ్యుండొచ్చు. ఆ బొమ్మ ఫోటో తీసి నాకు పంపండి, పేరు తప్పు రాసినా పర్లేదు, గీత ఎక్కడ గీసిందో చూస్తాను.