గండి పూడ్చే మనిషిని వదిలేశావు

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. ఉత్తర ఇంగ్లండ్‌లోని స్వేల్‌డేల్ లోయ మీద నువ్వు పంపిన యాత్రా వ్యాసం రెండుసార్లు చదివాను. వాక్యం నడక బాగుంది. ఇక అసలు సంగతికి వస్తాను.

తొమ్మిదో పేజీలో ఒక మాట రాశావు. మ్యూకర్ ఊరు దాటాక కూలిన గోడ దగ్గర ఒక పెద్దాయన రాళ్ళను వేరువేరు కుప్పలుగా పెడుతున్నాడనీ, మిమ్మల్ని చూసి తల ఊపాడనీ. అక్కడ నా చూపు ఆగిపోయింది. నువ్వు మాత్రం తర్వాతి వాక్యంలోనే ఆయన్ని వదిలేసి మబ్బుల మీదికి వెళ్ళిపోయావు. మబ్బులకు పేజీన్నర ఇచ్చావు. ఈ ఉత్తరం రాయడానికి కారణం అదే.

ఆయన కుప్పలెందుకు పెడుతున్నాడో అడిగి ఉంటే నీ వ్యాసం అక్కడే మొదలయ్యేది. గోడకు గండి పడితే కట్టే ముందు విప్పాలి. అటూ ఇటూ గట్టిగా నిలిచిన భాగం తగిలేదాకా, కింద పునాది రాళ్ళు కదలకుండా ఉన్న మట్టం వచ్చేదాకా విప్పుతారు. విప్పిన రాయిని అప్పుడే వేరు చేస్తారు. గోడ నెత్తిన నిలిపే టాప్‌స్టోన్లతో పని ఆఖరున కాబట్టి వాటిని అన్నిటికన్నా దూరంగా వేస్తారు. వాటికి ఇవతల గోడ వెడల్పంతా పరుచుకునే పొడవాటి రాళ్ళు, వాటినక్కడ ‘థ్రూ’లంటారు. ఆ తర్వాత ముఖానికి వాడే రాళ్ళు, పెద్దవి దగ్గరగా, చిన్నవి ఎడంగా. నడుమ నింపే చిన్న రాళ్ళు చేతికందే దూరంలో. కుప్పలకూ గోడకూ మధ్య మనిషి మెసలడానికి రెండడుగుల దారి వదలాలి. ఈ వరుస తప్పితే రోజంతా రాయి వెతుక్కోవడంతోనే గడిచిపోతుంది. నువ్వు చూసింది ఆ వరుసనే.

సున్నం, మట్టి, సిమెంటు ఏదీ లేని గోడ అది. పైకి ఒకటిగా కనిపించినా రెండు గోడలు. అడుగున సుమారు 28 అంగుళాల వెడల్పుతో మొదలై, రెండు ముఖాలూ ఒకదానివైపు ఒకటి వాలుతూ పైన 14 అంగుళాలకు వస్తాయి. ఎత్తు టాప్‌స్టోన్‌తో కలిపి ఐదున్నర అడుగుల దాకా ఉంటుంది. ప్రతి రాయీ పొడుగు లోపలికి పోయేలా కూర్చోవాలి. కింద రెండు రాళ్ళ మధ్య సందు మీద పై రాయి రావాలి. రెండడుగుల ఎత్తులో, సుమారు గజానికొకటి చొప్పున థ్రూలు వేసి రెండు ముఖాలనూ కలిపేస్తారు. అలాంటి గోడ 7 గజాలైతే ఒక రూడ్. నేర్పున్న మనిషి రోజుకొక రూడ్ కట్టాలన్నది పాత లెక్క. అంటే దాదాపు పన్నెండు టన్నుల రాయి ఒక్క మనిషి చేతుల మీదుగా వెళ్ళాలి.

ఎందుకు కూలుతుందో కూడా తెలుసుకో. చూడటానికి అందంగా ఉంటుందని రాయిని పొడుగ్గా ముఖం వెంబడి పరిచేవాళ్ళున్నారు. అది గోడకు బయటి తొడుగులాగా మిగిలి కొన్నేళ్ళకు ఊడి వస్తుంది. నడుమ రాళ్ళను చేత్తో ఒక్కొక్కటీ ఇరికించాలి. పారతో మట్టీ గులకా ఎత్తిపోస్తే అది మెల్లగా కిందికి జారి, లోపల బోలు పడి, గోడ ఉబ్బుతుంది. మట్టి తడి పట్టి గడ్డకడితే మంచు ఆ ఉబ్బును ఇంకా పెంచుతుంది. థ్రూలు లేకపోతే రెండు ముఖాలూ చెరో వైపు విడిపోతాయి. గోడ ఎక్కి దాటే బాటసారులు టాప్‌స్టోన్లను కదిలిస్తారు. ఒక్కటి దొర్లిందంటే పక్కవి వదులవుతాయి, అక్కడ గొర్రె దూకుతుంది. 2019 జూలై 30న ఆ ప్రాంతంలో వచ్చిన మెరుపు వరద గ్రింటన్ దగ్గర వంతెననే కూల్చింది, ఎన్నో గోడల్ని ఊడ్చుకుపోయింది. నువ్వు చూసిన గండి అప్పటిదో, మొన్నటి చలికాలం మంచుదో ఆయనకు తెలుసు.

నువ్వేమో గోడల్ని కొండ మీద పాకే కొండచిలువలన్నావు. ఆ ఉపమానం తీసెయ్యి. యార్క్‌షైర్ డేల్స్ జాతీయ ఉద్యానంలో అలాంటి గోడ 8,000 కిలోమీటర్లకు పైగా ఉంది. కొండల మీదికి గీత గీసినట్టు తిన్నగా ఎక్కేవి ఎక్కువగా పద్దెనిమిదో శతాబ్దం చివరా, పంతొమ్మిదో శతాబ్దం మొదట్లోనూ ఉమ్మడి బీళ్ళను చట్టం చేసి పంచుకున్నప్పుడు కట్టినవి. ఊరి దగ్గర వంకరటింకరగా ఉన్నవి చాలావరకు అంతకన్నా పాతవి. తిన్నని గోడకూ వంకర గోడకూ మధ్య ఉన్న తేడాలో ఎవరి భూమి ఎవరిదైందన్న చరిత్ర ఉంది. కొండచిలువ ఆ చరిత్రను మింగేసింది.

ఇన్నేళ్ళుగా నేను పట్టుకుని వదలని మాట ఇదే, నీకూ చెబుతున్నాను: నేల గురించి రాస్తే అక్కడి పని గురించి రాయాలి. ఏ పని, ఏ నెలలో, ఎంత కొలతలో, చెయ్యకపోతే ఏమవుతుంది. మన పత్రికల్లో చాలామంది సంపాదకులకు ఇది గిట్టదు. అంగుళాలు కనిపిస్తే కొట్టేస్తారు, ‘సుందరమైన’ అన్న మాటను మాత్రం ముట్టుకోరు. పాఠకుడు పారిపోతాడంటారు. వరి కోతలూ కుప్ప నూర్పులూ తెలిసిన పాఠకుడు కొలత చూసి ఎందుకు పారిపోతాడు? ఈ మధ్య వచ్చే యాత్రా వ్యాసాల్లో ఊరికన్నా రాసినవాళ్ళ మనసే ఎక్కువ కనిపిస్తోంది, దాన్నే కొత్త ధోరణి అని మెచ్చుకుంటున్నారు. ఆ ఇద్దరి మీదా నాకు కోపం ఇంకా చల్లారలేదు.

చేల మధ్య ఒంటరిగా నిలిచిన రాతి కట్టడాలను నువ్వు ‘పాడుబడ్డ గుడిసెలు’ అన్నావు. అవి పశువుల కొట్టాలు, కౌహౌస్‌లు. అన్ని ఎందుకున్నాయన్న ప్రశ్న నీకు రాలేదు. అక్కడ చేలు చిన్నవి. వారసత్వంలో చీలి, సీసం గనుల్లో పనిచేస్తూ రెండు ఆవులు పెట్టుకున్న కుటుంబాల మధ్య పంచుకుపోయిన నేల అది. ఎండుగడ్డిని ఊళ్ళోకి మోయడం కన్నా కోసిన చేలోనే దాచి, ఆవుల్ని దాని దగ్గరికి తేవడం తేలిక. అందుకే కొట్టంలో ఒక పక్క అటక దాకా గడ్డి, ఇంకో పక్క రాతి పలకల అడ్డుల మధ్య నాలుగైదు ఆవులు. నవంబర్‌లో కట్టేస్తే మే దాకా అక్కడే. రైతు రోజుకు రెండుసార్లు కొట్టం కొట్టానికీ తిరిగి మేత వేసి, వాగు దగ్గర నీళ్ళు తాగించి, పాలు పితికి, వీపుకు తగిలించుకునే డబ్బాలో ఇంటికి మోసుకొచ్చేవాడు. పేడ గోడలోని కంతలోంచి బయట పడేది. వసంతంలో దాన్ని అదే చేలో చల్లేవాళ్ళు. మన దగ్గర గొర్రెల మందను రాత్రిళ్ళు చేలో నిలిపి ఎరువు చేయించుకునే రైతుకు ఈ లెక్క వెంటనే అర్థమవుతుంది. అటక, గాడి, పలుపు, పేడ, ఇన్ని మాటలు చేతిలో ఉండగా నువ్వు ‘పురాతన నిర్మాణాలు’ అని రాశావు! ఆ కొట్టాలనూ గోడలనూ కాపాడటానికి 1989లో స్వేల్‌డేల్, ఆర్కెన్‌గార్త్‌డేల్ లోయల్ని కలిపి ఒక పరిరక్షణ ప్రాంతంగా ప్రకటించారు. ఇప్పుడు ఆవులు పెద్ద షెడ్లలో ఉంటున్నాయి. పని పోయిన కొట్టానికి ముందు కప్పు పోతుంది. ఒక్క రాతి పలక జారితే నీళ్ళు దూలం మీద పడతాయి, దూలం కుళ్ళితే కప్పు బరువంతా గోడల్ని బయటికి నెడుతుంది.

గడ్డిచేల దగ్గర నువ్వు చేసిన పొరపాటు నాకు ఇంకా కష్టం కలిగించింది. వెళ్ళింది జూన్ చివర. రాసింది ‘పచ్చని తివాచీ’. జూన్‌లో మ్యూకర్ గడ్డిచేను ఆరోగ్యంగా ఉంటే ఒట్టి పచ్చగా ఉండదు. వుడ్ క్రేన్స్‌బిల్ ఊదా, బటర్‌కప్ పసుపు, గ్రేట్ బర్నెట్ ముదురెరుపు గుండీలు, పిగ్‌నట్ తెల్లని గొడుగులు, వీటి కింద గడ్డి. ఏకరంగు పచ్చదనం కనిపించిందంటే అది యూరియాతో పెంచిన రైగడ్డి అన్నా అయ్యుండాలి, నువ్వు వంగి చూడకపోయి అన్నా ఉండాలి. ఇంగ్లండ్, వేల్స్‌లలో 1930ల నుంచి పూల గడ్డిచేలు 97 శాతం పోయాయి. మిగిలినవాటిలో కొన్ని అక్కడున్నాయి.

అవి ఎలా మిగిలాయో రాయి. మే నెల్లో గొర్రెల్ని చేలోంచి తీసి గేటు మూసేస్తారు. అప్పటికే పెంట పల్చగా చల్లి ఉంటుంది. జూలై మధ్య దాకా కోత లేదు. కోశాక గడ్డిని తిరగేసి ఎండబెడతారు, ఆ తిరగేయడంలోనే గింజ రాలుతుంది. తర్వాత మొలిచే రెండో గడ్డిని శరత్తులో గొర్రెలు మేస్తాయి. వాటి కాళ్ళు గింజను నేలలోకి తొక్కుతాయి. ఇందులో యెల్లో రాటిల్ అనే చిన్న మొక్క సంగతి వదలకు. దాని వేర్లు గడ్డి వేర్లకు అతుక్కుని సారం పీలుస్తాయి. గడ్డి బలం తగ్గితేనే తక్కిన పూలకు చోటు. అది ఏడాది మొక్క, గింజ చలికాలమంతా చల్లదనంలో ఉంటేనే మొలుస్తుంది, నేలలో ఎక్కువ ఏళ్ళు నిలవదు. గింజ ముదరకముందే వరసగా రెండు మూడేళ్ళు కోస్తే చేలోంచి మాయమవుతుంది. దాని వెనకే గడ్డి చెలరేగి పూలను నొక్కేస్తుంది. ఎండిన కాయలో గింజలు గలగలమంటాయి కాబట్టే దానికా పేరు. ఆ చప్పుడే కోతకు గుర్తు. ఇంతకన్నా అందమైన వాక్యం మబ్బుల్లో దొరుకుతుందా?

గొర్రెల్ని ‘స్వేచ్ఛగా తిరిగే అడవి గొర్రెలు’ అన్నావు, దిద్దుకో. నల్లని మొహం, తెల్లబారిన మూతి, ఆడదానికీ మగదానికీ మెలి తిరిగిన కొమ్ములు, అది స్వేల్‌డేల్ జాతి. ప్రతిదానికీ యజమాని ఉన్నాడు, ఉన్ని మీద రంగు గుర్తు ఉంది. కంచె లేని కొండ మీద తన మేత హద్దు ఎక్కడిదాకానో పిల్ల తల్లి వెంట తిరిగి నేర్చుకుంటుంది. దీన్ని హెఫ్టింగ్ అంటారు. 2001లో గాలికుంటు వ్యాధికి మందలకు మందల్ని చంపేసినప్పుడు ఇంగ్లండ్ కొండ రైతుల భయం గొర్రెల ఖరీదు గురించి మాత్రమే కాదు. కొత్తగా కొన్న మందకు ఆ హద్దు ఎవరు నేర్పుతారన్నది వాళ్ళ బెంగ.

గన్నర్‌సైడ్ వాగు పక్క లోతైన చీలికలను ‘ప్రకృతి చెక్కిన శిల్పాలు’ అన్నావు. అవి మనుషులు చేసినవి, హష్‌లంటారు. కొండ పైన మట్టిగడ్డలతో కట్ట కట్టి, నీళ్ళు నిండాక ఒక్కసారి తెంచేవాళ్ళు. ఆ వరద పైమట్టిని కొట్టుకుపోతే కింద సీసం ఖనిజం పొర బయటపడేది. మళ్ళీ కట్టేవాళ్ళు, మళ్ళీ తెంచేవాళ్ళు. ఓల్డ్ గ్యాంగ్ దగ్గర వరసగా నిలిచిన రాతి స్తంభాలను ‘ఏదో ప్రాచీన ఆలయం’ అని ఊహించావు. అది సీసం కరిగించే కొలిమిలో మండించడానికి పీట్‌ను, అంటే చిత్తడి నేలల్లో తవ్వి తీసిన వంటచెరుకులాంటి మట్టిని, ఆరబెట్టి దాచిన కొట్టు, పొడవు సుమారు 390 అడుగులు, గాలి ఆడాలనే పక్కలకు గోడలు లేవు. 1880ల్లో స్పెయిన్ తదితర దేశాల చౌక సీసం వచ్చిపడి గనులు మూతపడ్డాయి. జనం డర్హమ్ బొగ్గు గనులకు, లాంకషైర్ నూలు మిల్లులకు, అమెరికాకు వెళ్ళిపోయారు. నీకు అంత నచ్చిన నిశ్శబ్దం అప్పుడు వచ్చింది. ‘కాలం ఆగిపోయిన లోయ’ అన్న నీ శీర్షికను అందుకే ఒప్పుకోను. ఊరు విడిచి వలసపోయిన ఇళ్ళను మన జిల్లాల్లో చూసినదానివి, ఆ మాట ఎలా రాయగలిగావు?

పేర్లు కూడా ఊరికే దాటేశావు. పదో శతాబ్దం నాటికి అక్కడికొచ్చిన నార్స్ జనం, అంటే స్కాండినేవియా మూలాలవాళ్ళ మాటలవి. కెల్డ్ అంటే ఊట. థ్వేట్ అంటే చెట్లు కొట్టి చదును చేసిన నేల. మ్యూకర్ సన్నని చేను. గన్నర్‌సైడ్ గన్నర్ అనేవాడి వేసవి మేత పట్టు. కుంట, దొడ్డి, గూడెం అని ఊళ్ళకు పేర్లు పెట్టుకున్న మనం ఇవి చెబితే ఆ లోయ తెలుగు పాఠకుడికి ఒక్క పేరాలో దగ్గరవుతుంది. కెల్డ్ నుంచి గ్రింటన్ చర్చికి శవాల్ని వెదురు బుట్టలాంటి అల్లిక పెట్టెల్లో మోసుకెళ్ళిన దారిని నువ్వు ‘అందమైన కాలిబాట’ అన్నావు. పన్నెండు మైళ్ళ పైమాట, మోసేవాళ్ళకు రెండు రోజుల నడక. 1580లో మ్యూకర్‌లో చర్చీ, పాతిపెట్టే స్థలం ఏర్పడ్డాక గానీ ఆ బాధ తీరలేదు. ఐవ్‌లెట్ వంతెన దగ్గర పెట్టె దించుకునే రాయి ఇంకా ఉంది, నువ్వు దాని మీద కూర్చుని ఫొటో పంపావు.

పుస్తకంగా ఎవరు వేస్తారన్న సంగతి తర్వాత చూద్దాం.

లీడ్స్ నుంచి నీకు ఒక పూట ప్రయాణం. జూలై మొదటి వారంలో మళ్ళీ వెళ్ళు, కోతకు ముందు. టేపు, నోట్‌బుక్ తీసుకెళ్ళు. ఆ గండి పూడి ఉంటుంది. కొత్తగా కట్టిన ముక్క మీద నాచు ఉండదు కాబట్టి వెంటనే కనిపిస్తుంది. థ్రూలు ఎంత ఎత్తులో ఉన్నాయో కొలువు, ఎంత ఎడంలో ఉన్నాయో లెక్కపెట్టు, గోడ ఎక్కకుండా. ఆ పెద్దాయన కనిపిస్తే ఆ రోజు కుప్పల్లో ఏది ముందు వేశాడో అడిగి, ఆయన చెప్పిన మాట చెప్పినట్టే రాసుకో. మ్యూకర్ గడ్డిచేలలో రాతి పలకల బాట మీద ఒకరి వెనక ఒకరే నడవండి. తొక్కిన గడ్డి పడుకుంటుంది, పడుకున్న గడ్డి కోతకు అందదు.

ఆశీస్సులతో