రెండు కాళ్లు సరే, మూడో ఆసరా ఏది?

రైఫిల్ ముందు భాగాన్ని నిలిపే రెండు కాళ్ల ఆసరా బైపాడ్. దాని గురించి ఈసారి చాలా ప్రశ్నలు వచ్చాయి. సగానికి పైగా ప్రశ్నల్లో అసలు ఇబ్బంది బైపాడ్‌లో కాదు, రైఫిల్ వెనక భాగంలో ఉంది. అందుకే ఆ జవాబు ముందు, కాస్త వివరంగా.

ప్రశ్న: బైపాడ్ కొని నెలయింది. ముందు భాగం కదలడం లేదు. అయినా 100 మీటర్ల టార్గెట్ మీద క్రాస్‌హెయిర్ (స్కోప్‌లోని గురి గీతలు) పైకీ కిందికీ ఊగుతూనే ఉంది. ఇంకా మంచి రకం కొనాలా?

జవాబు: కొనకండి. మీ బైపాడ్ తన పని తాను చేస్తోంది. ఊగుతున్నది బట్, అంటే భుజానికి ఆనే వెనక కొస. చిన్న లెక్క చూడండి. బైపాడ్ నుంచి బట్ చివరికి 75 సెంటీమీటర్లు ఉందనుకుందాం. బట్ ఒక్క మిల్లీమీటరు లేస్తే 100 మీటర్ల దగ్గర గురి 13 సెంటీమీటర్లు కిందికి దిగిపోతుంది. ఊపిరి పీలిస్తే భుజం అంతకన్నా ఎక్కువే లేస్తుంది. బైపాడ్‌ను వెనక్కి జరిపి బట్‌కు 60 సెంటీమీటర్ల దూరంలో బిగిస్తే, అదే మిల్లీమీటరుకు గురి దాదాపు 17 సెంటీమీటర్లు తప్పుతుంది. బైపాడ్‌ను వీలైనంత ముందుకు బిగించమనేది అందుకే.

మీకు కావలసింది బట్ కింద పెట్టే చిన్న సంచి. పాత సాక్సులో పొడి ఇసుక పోసి గట్టిగా ముడి వేసినా చాలు. ముప్పావు వంతు మాత్రమే నింపండి. నిండా కూరితే రాయిలా బిగుసుకుపోయి నొక్కినా మాట వినదు, మరీ వదులుగా ఉంటే బట్ బరువుకు కూరుకుపోతుంది. కుడిచేతి వాటం వాళ్లయితే ఎడమ చేతిని ముందుకు చాచి స్టాక్ (బ్యారెల్‌ను మోసే చట్రం) పట్టుకోకుండా, మడిచి బట్ కిందికి తెచ్చి ఆ సంచిని గుప్పిట్లో పట్టుకోవాలి. పిసికితే బట్ లేచి గురి దిగుతుంది. వదిలితే బట్ దిగి గురి లేస్తుంది. సంచిని సగం పిసికినప్పుడు క్రాస్‌హెయిర్ నడిమధ్యన నిలిచేలా బైపాడ్ కాళ్ల ఎత్తు పెట్టుకోండి. పైకీ కిందికీ సవరించుకోడానికి అప్పుడు చోటు మిగులుతుంది. బరువు మోయాల్సింది సంచి. చెయ్యి దాన్ని సరిదిద్దుతుంది, అంతే. చెయ్యే మోస్తుంటే నిమిషంలో కండరం వణకడం మొదలవుతుంది.

అంతా కుదిరిందనుకున్నాక బోల్ట్ (తూటాను లోపలికి తోసి మూసే కడ్డీ) తెరిచి ఉంచి, కళ్లు మూసుకుని రెండుమూడు సార్లు ఊపిరి తీసి వదలండి. కళ్లు తెరిచేసరికి క్రాస్‌హెయిర్ పక్కకు పోయి ఉంటే చేత్తో లాగి సరిచేయొద్దు. తుంటిని జరిపి, ఒళ్లు మొత్తాన్ని తిప్పుకోండి. చేత్తో లాగిన గురి ట్రిగ్గర్ నొక్కే క్షణంలో మళ్లీ పాత చోటికే పోతుంది.

ప్రశ్న: 6–9, 9–13, 13–27 అంగుళాలని రకరకాల ఎత్తులు కనిపిస్తున్నాయి. ఏది తీసుకోవాలి?

జవాబు: బల్ల మీద పెట్టి కాల్చినా, చదునైన నేల మీద బోర్లా పడుకుని కాల్చినా 6–9 చాలు. పొడవైన మ్యాగజైన్ నేలకు తగులుతున్నా, ఛాతీ మందంగా ఉండి అంత కిందికి వంగితే మెడ పట్టేస్తున్నా 9–13 తీసుకోండి. 13–27 కూర్చుని కాల్చేవాళ్లకు, గడ్డి ఎత్తుగా పెరిగిన చోట కాల్చేవాళ్లకు. అన్నీ కలిసొస్తాయని పొడుగుది కొనడం మాత్రం మా దృష్టిలో పొరపాటు. కాలు పొడవు పెరిగేకొద్దీ అది వంగేదీ, ఊగేదీ పెరుగుతుంది.

ప్రశ్న: బిగించే పద్ధతుల్లో ఏది నమ్మకమైనది? కాళ్లు ఎటు మడవాలి?

జవాబు: బెల్టు తగిలించే స్టడ్‌కు పట్టేది పాత పద్ధతి, తేలికైనది. అయితే కర్ర స్టాక్‌లో ఆ స్టడ్ ఉత్త కర్ర మరలాంటిదైతే, ముందుకు నెట్టి కాల్చేకొద్దీ రంధ్రం పెద్దదై ఒకరోజు ఊడి చేతికొస్తుంది. లోపలి వైపు నట్టు ఉన్న స్టడ్ వేయించుకోండి. పికాటిన్నీ రైలు (అడ్డగాడులున్న పట్టీ) ఉంటే మేలు. దాని గాడులు 10 మిల్లీమీటర్లకు ఒకటి చొప్పున ఉంటాయి. క్లాంపును గాడిలో కూర్చోబెట్టి, బిగించే ముందు మీ వైపుకు లాగి పట్టుకోండి. స్కోప్ మౌంటును ముందుకు నెట్టి బిగిస్తాం కదా, ఇక్కడ దానికి వ్యతిరేకం. మీరు రైఫిల్‌ను ముందుకు నెట్టినప్పుడు బైపాడ్ రైలు మీద వెనక్కి ఒత్తుతుంది. ఆ ఒత్తే వైపున ముందే సందు లేకుండా చేయాలి. అంచులు ఏటవాలుగా ఉన్న ఆర్కా రైలైతే అవసరాన్ని బట్టి ముందుకూ వెనక్కూ జరుపుకోవచ్చు.

స్ప్రింగుతో మడిచే రకాల్లో కాళ్లు బ్యారెల్ కొస వైపు మడిచేలా బిగించాలి. తిరగేసి బిగిస్తే ముందుకు నెట్టగానే కాళ్లు ముడుచుకుపోతాయి. బిగించే పని మొదలుపెట్టే ముందు మ్యాగజైన్ తీసి, బోల్ట్ ఊడదీసి, చాంబర్‌ను (తూటా కూర్చునే గదిని) కంటితో చూసి, వేలితో తడిమి ఖాళీ అని తేల్చుకోండి. ఈ పని ఏ రోజూ మానకండి.

ప్రశ్న: అటూ ఇటూ ఒరిగే తల ఉన్న బైపాడ్‌కు ఎక్కువ పెట్టాలా?

జవాబు: 100 మీటర్లు దాటి కాల్చేటట్టయితే పెట్టండి. నేల ఎగుడుదిగుడుగా ఉంటే కాళ్లు సమానంగా ఆనవు, రైఫిల్ ఒక పక్కకు ఒరుగుతుంది. 500 మీటర్లకు తూటా 150 సెంటీమీటర్లు దిగుతుందనుకుని స్కోప్‌లో అంత ఎత్తు పెట్టుకున్నారనుకోండి. రైఫిల్ 3 డిగ్రీలు ఒరిగితే దెబ్బ ఒరిగిన వైపుకు దాదాపు 8 సెంటీమీటర్లు పోతుంది. 100 మీటర్ల దగ్గర అదే ఒరుగు ఏవో కొన్ని మిల్లీమీటర్లు, గాలికన్నా తక్కువ. తలను బిగించే మర వేళ్లతో తిప్పే గుండ్రటి బుడిపె అయితే దానికి లివర్ వేయించుకోండి. బోర్లా పడుకున్నవాడి చెయ్యి అక్కడిదాకా అంత బలంగా పోదు. స్కోప్ మీద నీటిబుడగ మట్టం ఉంటే ఇంకా మంచిది. కొండవాలు మీద కన్ను ఏది నిలువో తేల్చుకోలేదు.

ప్రశ్న: బైపాడ్‌కు ‘లోడ్’ ఇవ్వాలంటారు. ఎంత ఇవ్వాలి? సిమెంటు గచ్చు మీద నా రైఫిల్ ప్రతి షాటుకూ ఎడమ వైపు ఎగురుతోంది.

జవాబు: ఇక్కడ లోడ్ అంటే తూటా పెట్టడం కాదు, భుజంతో రైఫిల్‌ను ముందుకు ఆనించడం. బైపాడ్ కాలును పట్టుకుని ముందుకూ వెనక్కూ కదిపి చూడండి. కీలు దగ్గర కాస్త ఆట, అంటే వదులు, కనిపిస్తుంది. తూటా బ్యారెల్ దాటక ముందే రైఫిల్ వెనక్కి కదలడం మొదలుపెడుతుంది. ఆ ఆట ఒక షాటుకు తెరుచుకుని, మరో షాటుకు మూసుకుని ఉంటే రైఫిల్ రెండుసార్లూ ఒకలా కదలదు, గ్రూపు (టార్గెట్ మీద దెబ్బల గుంపు) విచ్చుకుంటుంది. ఛాతీ కొంచెం ఎత్తి, బట్‌ను భుజం గుంటలో పెట్టుకుని, ఒంటి బరువును మెల్లగా ముందుకు దించండి. ఆట మూసుకుంటే చాలు. కాలివేళ్లతో నేలను తన్నుతూ నెట్టొద్దు. క్రాస్‌హెయిర్ నాడితో పాటు కొట్టుకుంటుంటే లోడ్ ఎక్కువైనట్టే.

గచ్చు మీద రబ్బరు పాదాలు కాసేపు పట్టుకుంటాయి, ఉన్నట్టుండి జారతాయి. కింద తివాచీ ముక్కో, రబ్బరు చాపో వేయండి. మెత్తటి నేలకు మొనదేలిన పాదాలు, ఇసుకకు వెడల్పు పాదాలు మేలు. లోడ్ లేకుండానే బాగా కాల్చేవాళ్లూ ఉన్నారు. బైపాడ్ మీద దూరపు టార్గెట్లను కాల్చే ఎఫ్-టీఆర్ పోటీల్లో చాలామంది వెడల్పు బైపాడ్‌ను స్కీల్లాంటి పాదాల మీద స్వేచ్ఛగా జారనిస్తారు. నెట్టినా, జారనిచ్చినా ప్రతి షాటుకూ ఒకేలా జరగాలి.

ఇక ఎడమకు ఎగరడం. మీరు కుడిచేతి వాటమై, రైఫిల్‌కు ఏటవాలుగా పడుకుంటున్నారని మా అంచనా. తుంటిని కుడికి తెచ్చి, వెన్నెముకను బ్యారెల్‌కు దాదాపు సమాంతరంగా పెట్టుకోండి. రెండు భుజాలూ టార్గెట్‌కు ఎదురుగా ఉండాలి. షాటు తర్వాత క్రాస్‌హెయిర్ నిటారుగా లేచి మళ్లీ టార్గెట్ మీదికి దిగితే ఒళ్లు కుదిరినట్టు. అప్పటికీ పక్కకు పోతుంటే బైపాడ్ రెండు కాళ్లూ ఒకే ఎత్తు గంటులో ఉన్నాయో లేదో చూడండి.

ప్రశ్న: బైపాడ్ బిగించాక జీరో (గురి పెట్టినచోటే దెబ్బ పడేలా చేసుకున్న స్కోప్ అమరిక) మారింది. ఎందుకు?

జవాబు: చవక ప్లాస్టిక్ స్టాక్ అయ్యుంటుంది. దాని ముందు భాగం వంగి బ్యారెల్‌కు తగులుతోంది. ఇది ఇంట్లోనే తేలిపోతుంది. ఖాళీ రైఫిల్‌ను బైపాడ్ మీద నిలిపి, బ్యారెల్‌కూ స్టాక్‌కూ మధ్య ఉత్తరం కాగితం పట్టీ ఒకటి దూర్చి ముందు నుంచి వెనక్కి లాగండి. స్వేచ్ఛగా జారిందా? ఇప్పుడు కాల్చేటప్పటిలాగే భుజంతో ఆనించి, పక్కవాళ్లను లాగమనండి. అప్పుడు పట్టేస్తే దోషం దొరికినట్టే. లోపలి గుంటల్ని ఎపాక్సీతో నింపి గట్టిపరచవచ్చు, లేదా తగిలేచోట గరుకు కాగితంతో రుద్ది సందు పెంచవచ్చు. ఆ తర్వాత బైపాడ్ మీదే మళ్లీ జీరో చేసుకోండి.

ప్రశ్న: పోటీల్లో బైపాడ్ వాడవచ్చా?

జవాబు: అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య ఐఎస్‌ఎస్‌ఎఫ్ వారి 10, 50 మీటర్ల రైఫిల్ పోటీల్లో వాడకూడదు. ఎఫ్-టీఆర్‌లో వాడవచ్చు. అందులో .223 రెమింగ్టన్, .308 విన్‌చెస్టర్ తూటాలు మాత్రమే చెల్లుతాయి. స్కోప్, బైపాడ్‌తో కలిపి బరువు 8.25 కిలోలు దాటకూడదు, కాబట్టి బైపాడ్ కొనే ముందు రైఫిల్‌ను తూకం వేసుకోండి.

ప్రశ్న: నాది స్ప్రింగు ఎయిర్ రైఫిల్. దానికీ బిగించవచ్చా?

జవాబు: వద్దు. అందులో పిస్టన్ కుదుపు ముందూ వెనకా రెండూ ఉంటాయి. పెల్లెట్ ఇంకా బ్యారెల్‌లో ఉండగానే అది మొదలైపోతుంది. గట్టి ఆధారం మీద దెబ్బ చోటు మారుతుంది. తెరిచిన అరచేతి మీదో, మెత్తటి సంచి మీదో వదులుగా ఆనించండి. గాలి ముందే నింపుకునే పీసీపీ రకాలకు ఈ ఇబ్బంది లేదు.

ప్రశ్న: కాలు దానంతట అదే జారి పొట్టిదవుతోంది.

జవాబు: తిప్పి బిగించే రకమైతే లోపల దుమ్ము చేరింది. కాలు ఊడదీసి, పొడి గుడ్డతో తుడిచి, పొడి లూబ్రికెంట్ పట్టించండి. నూనె రాస్తే ఇసుక అంటుకుని రెండు రోజుల్లో ముద్దవుతుంది. గంట్ల రకమైతే బొత్తాం కింద స్ప్రింగు అలసి ఉంటుంది, మార్చండి. పనిలో పనిగా క్లాంపు మర మీదా, దాని పక్కనా కలిసేలా తెల్ల రంగుతో సన్నగీత గీయండి. గీత రెండుగా విడిపోయిందంటే మర వదులైంది. ఆ రోజు జీరోను వేలు పెట్టి మార్చకండి, ముందు మర బిగించండి.