క్లిష్ట ఖనిజాలా, కీలక ఖనిజాలా?

సందేహం: బ్యాటరీలకు కావలసిన లిథియం, కోబాల్ట్ వంటివాటిని కొన్ని వార్తల్లో ‘క్లిష్ట ఖనిజాలు’ అనీ, మరికొన్నింటిలో ‘కీలక ఖనిజాలు’ అనీ రాస్తున్నారు. ‘వాటి సరఫరా గొలుసును భద్రపరచాలి’ అన్న వాక్యమూ చదివాను. ఏది సరైన వాడుక?

సమాధానం: ‘కీలక ఖనిజాలు’ అన్నదే సరైన వాడుక. ‘క్లిష్టం’, ‘క్లేశం’ రెండూ సంస్కృతంలోని ‘క్లిశ్’ ధాతువు నుంచి వచ్చినవే. బాధకు లోనైనది, కష్టమైనది, సులభంగా బోధపడనిది అని క్లిష్టానికి అర్థాలు. రోగి పరిస్థితి క్లిష్టంగా ఉందన్నా, లెక్క క్లిష్టంగా ఉందన్నా అందుకే చక్కగా అతుకుతుంది. ఇంగ్లీషువారు ‘క్రిటికల్’ అన్న ఒకే మాటను రోగి స్థితికీ, ఈ ఖనిజాలకూ వాడటం వల్ల, అక్కడ కుదిరిన తెలుగు మాటను ఇక్కడికీ తెచ్చి పెట్టారు.

కేంద్ర గనుల శాఖ 2023 జూన్‌లో ప్రకటించిన 30 ఖనిజాల జాబితాలో లిథియం, కోబాల్ట్, నికెల్, గ్రాఫైట్‌లతో పాటు రాగి, పొటాష్ కూడా ఉన్నాయి. ఇంట్లో చెంబుగా ఉన్న రాగిలో గాని, రైతు చేలో చల్లే పొటాష్‌లో గాని క్లిష్టత ఏముంది? దేశ ఆర్థిక వ్యవస్థకు వాటి అవసరం ఎక్కువ, సరఫరా ఆగిపోయే ప్రమాదమూ ఎక్కువ. జాబితాకు ఎక్కించింది ఆ రెండు కారణాలతోనే. పొటాష్ ఎరువు కోసం మనం దిగుమతుల మీదే ఆధారపడుతున్నాం. కోబాల్ట్ విషయానికి వస్తే, ప్రపంచంలో తవ్వేదానిలో సగానికి పైగా ఒక్క కాంగోలోనే దొరుకుతుంది, శుద్ధిలో అధిక భాగం చైనాలో జరుగుతుంది.

‘కీలం’ అంటే మేకు, సీల. ఎద్దుబండి ఇరుసు చివర, చక్రం జారిపోకుండా దిగ్గొట్టే సీలను గుర్తు చేసుకోండి. బండి బరువులో దాని పాలు ఎంతో ఉండదు, కానీ అది ఊడితే చక్రం నిలవదు. విద్యుత్ కారులో లిథియం కొన్ని కిలోలే ఉంటుంది, అది లేనిదే ఆ బ్యాటరీ లేదు. ‘కీలక’ అన్న విశేషణం ఇంత బాగా నప్పే చోటు మరొకటి నాకు తోచడం లేదు.

‘ఖని’లో పుట్టినది ఖనిజం, మన ‘గని’ దాని తద్భవమే. చిలీలోని అటకామాలో మాత్రం లిథియం కోసం రాయిని తవ్వరు. భూగర్భంలోని ఉప్పునీటిని తోడి, చినగంజాం ఉప్పు మడుల్లో చేసినట్టే, మడి నుంచి మడికి మళ్లిస్తూ ఏడాదికి పైగా ఎండకు చిక్కబరుస్తారు. అయినా ‘ఖనిజం’ ఇప్పటికే అర్థవ్యాప్తి పొందిన మాట కాబట్టి దానికీ ఆ పేరు చెల్లుతుంది.

ఇక ‘భద్రపరచడం’ అంటే చేతిలో ఉన్నదాన్ని పోకుండా దాచడం. దస్తావేజులను బీరువాలో భద్రపరుస్తాం, విత్తనాలను వేపాకు కలిపి భద్రపరుస్తాం. సరఫరా గొలుసు అలా దాచుకునే వస్తువు కాదు. 2024 జనవరిలో మన ప్రభుత్వ రంగ సంస్థ కాబిల్, అర్జెంటీనాలోని కటమార్కా రాష్ట్రంలో ఐదు లిథియం బ్లాకుల కోసం ఒప్పందం చేసుకుంది. ఇంకా చేతికి రాని సరుకు కోసం చేసే ఇలాంటి ప్రయత్నాన్ని ‘సమకూర్చుకోవడం’ అనాలి. గని నుంచి శుద్ధి కర్మాగారానికీ, అక్కడి నుంచి బ్యాటరీ సెల్లులు చేసే చోటికీ సాగే వరుస అంతటినీ చెప్పదలిస్తే, ‘సరఫరా తెగిపోకుండా చూసుకోవాలి’ అని రాస్తే సరిపోతుంది. కొని తెచ్చి గోదాముల్లో ఉంచిన నిల్వల గురించి రాసేటప్పుడు మాత్రం ‘భద్రపరచడం’ నిస్సందేహంగా వాడవచ్చు.