దిగుబడి పెరిగితే సన్నకారు రైతు బాగుపడతాడా? మా ఇంట్లో అలా జరగలేదు

"సన్నకారు రైతుల బతుకు మెరుగుపడాలంటే దిగుబడి పెంచితే చాలదా?" అని అడిగారు. చాలదు.

మాది పేరేచర్ల దాటాక ఓ పల్లె. సొంతం రెండెకరాలు, కౌలుకు రెండెకరాలు, నాలుగూ మిర్చే. గుంటూరు పక్కనే లాం ఫారం, అంటే వ్యవసాయ పరిశోధనా కేంద్రం. అక్కడ పుట్టిన 334 రకం మిర్చే నాన్న ఏళ్ల తరబడి వేశాడు. కాయ బాగానే కాసేది. అయినా మా ఇంటిని నిలబెట్టింది గేదె. నవ్వకండి, చెప్తాను.

నేను డిగ్రీ చదివే రోజుల్లో ఒక మార్చిలో ముప్పై రెండు టిక్కీలు (మిర్చి బస్తాలు) ట్రాక్టరుకి ఎత్తించుకుని, నాన్నా నేనూ రాత్రి పదకొండింటికి గుంటూరు మిర్చి యార్డుకి చేరాం. టిక్కీల మీదే పడుకున్నాం. ఆ ఘాటు అలవాటు లేనివాళ్లకి తుమ్ములు ఆగవు, కళ్లు తుడుచుకుంటే ఇంకా మంట. తెల్లారాక కొనుబడిదారు మనిషి వచ్చి సంచి కోసి, రెండు గుప్పిళ్లు లాగి, ఒక కాయ విరిచి "తాలు కలిసిందే" అన్నాడు. తాలంటే రంగు పోయిన నాసి కాయలు. మూడు రోజులు అమ్మ కల్లంలో నడుం వంచి తాలు ఏరిన సరుకది! (మచ్చు పేరుతో లాగిన కాయలు మళ్లీ సంచిలో పడవు. రోజుకి ఎన్ని సంచులు, ఎన్ని గుప్పిళ్లు? ఎవరైనా లెక్క కడితే బాగుండు.)

ధర చెప్పాడు. పక్క కమీషన్ కొట్లో అదే రకానికి క్వింటాకి మూడొందలు ఎక్కువ పలుకుతోంది, నా చెవులతో విన్నాను. "నాన్నా, అక్కడ వేద్దాం" అన్నాను. ఆయన నా మొహం చూడలేదు. జూలైలో విత్తనాలకి, మందులకి డబ్బిచ్చింది ఈ కొట్టాయన. బాకీ తీరేదాకా సరుకు ఇక్కడే వేయాలి. పోనీ ఏసీలో (శీతల గిడ్డంగిలో) పెట్టి ఆగుదామా అంటే నూటికి రెండు రూపాయల వడ్డీ నడుస్తోంది, ఊళ్లో కోత కూలీలు డబ్బుకి ఎదురుచూస్తున్నారు. పదింటికల్లా కాటా అయిపోయింది. కమీషను, హమాలీ, అసలు, వడ్డీ పోగా మిగిలింది నాన్న చొక్కా పైజేబులో పట్టేసింది. కొట్టాయన చెడ్డవాడేం కాదు, మాకు ఇడ్లీ తెప్పించాడు. నాన్న ముట్టలేదు. నేను రెండు ప్లేట్లు తిన్నాను, తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మరుసటి ఏడు అమ్మ డ్వాక్రా అప్పుతో చూడి గేదెను కొంది. "దాని మేత ఎవరు తేవాలి?" అని నాన్న నాలుగు రోజులు అలిగాడు. అది ఈనాక పాల కేంద్రం నుంచి పదిహేను రోజులకోసారి బిల్లు రావడం మొదలైంది. పెద్ద మొత్తమేం కాదు. కానీ ఉప్పూ పప్పూ, నా బస్సు పాసు, కలుపు కూలీ అందులోనే వెళ్లిపోయేవి. రెండో గేదె వచ్చిన ఏడు నాన్న కొట్టాయన దగ్గర సగమే తెచ్చాడు. ఆ తర్వాతి ఏడు అసలు వెళ్లలేదు. అప్పుడు మొదటిసారి మా టిక్కీలు మా పేరు మీద ఏసీలోకి వెళ్లాయి. ఏసీ వాళ్లిచ్చిన బాండు కాగితాన్ని (సరుకు రసీదుని) అమ్మ వెంకటేశ్వరస్వామి పటం వెనక దాచింది. ఆగస్టులో మాకు నచ్చిన ధరకి, మాకు నచ్చిన కొట్లో అమ్మాం.

అందుకే నేను అడిగేదొకటే: కోత రోజున రైతుకి చేతిలో నాలుగు డబ్బులుండేలా చూడండి. పంట ఎలా పండించాలో అతనికి తెలుసు. సమావేశాలు పెట్టి ఎకరాకి ఎన్ని క్వింటాళ్లో చెప్పే పెద్దమనుషులు యార్డులో ఒక్క రాత్రి పడుకుని చూడాలి.

"ఏసీలో దాచినవాళ్లు 2025లో మునగలేదా?" అని మా బావ ఎత్తిపొడుస్తుంటాడు. మునిగారు, ధర అంతలా పడబట్టే ఆ ఫిబ్రవరిలో కేంద్రం జోక్యం చేసుకుని మిర్చికి క్వింటాకి 11,781 రూపాయల ధర ప్రకటించాల్సి వచ్చింది. అయితే మా బావ అప్పు తెచ్చి దాచాడు, ఆ సంగతి చెప్పడు. 2021లో నల్ల తామర పురుగు పూతని పీల్చేసిన ఏడు కూడా మా పాల బిల్లు ఆగలేదు.

ఇక కౌలు గోల. మన రాష్ట్రంలో 2019 చట్టం ప్రకారం కౌలు రైతుకి పంట అప్పు, బీమా అందేలా పదకొండు నెలలకి సాగుదారు కార్డు ఇస్తారు, కానీ దానికి భూమి యజమాని ఒప్పుకుని సంతకం పెట్టాలి. మా పొలం ఆసామి హైదరాబాద్‌లో ఉంటాడు. సంతకం పెడితే పొలం పోతుందని భయం. పీఎం కిసాన్ కింద ఏటా 6,000 రూపాయలు మాకు వస్తోందంటే సొంత రెండెకరాల పుణ్యం. పూర్తిగా కౌలు మీదే బతికే మా పక్కింటి బాబాయికి అదీ లేదు. మా ఆసామి మాత్రం ఏటా సంక్రాంతికి ఫోన్ చేసి పండుమిర్చి పచ్చడి పెట్టించి బస్సుకి వేయమంటాడు. అమ్మ వేస్తుంది కూడా.