ముందు మీ ఇంటి ట్రంకుపెట్టె తెరవండి

రిటైరయ్యాక చెన్నై వదిలి పల్లెలో కూర్చుని పాత డైరీలు, యోగుల అనుభవాల పుస్తకాలు చదువుకుంటే మనశ్శాంతి దొరుకుతుందా అని అడిగారు. నేను చేసింది అదే. పెరంబూరు ఫ్లాటు అద్దెకిచ్చి, ఊత్తుకోట అవతల మా ఊరికి వచ్చి పద్నాలుగు నెలలైంది.

శాంతి సంగతి తర్వాత. ముందు నిశ్శబ్దం మీద ఆశ వదులుకోండి. మార్గళి (మన ధనుర్మాసం) నెలంతా గుడి మైకు తెల్లవారుజామున నాలుగున్నరకే అందుకుంటుంది. పగలు ఎవరో ఒకరి పొలంలో బోరు వేస్తూనే ఉంటారు. పెరంబూరులో రైలు కూత ఒక్కటే, అదీ అలవాటైపోయింది.

చదువుకోడానికైతే నా ఓటు డైరీలకే. ఏనుగుల వీరాస్వామయ్య చెన్నపట్నం సుప్రీంకోర్టులో దుబాసీ, అంటే మాటలు తర్జుమా చేసే ఉద్యోగి. 1830 మే 18 రాత్రి కాశీకి బయల్దేరి 1831 సెప్టెంబరు 3కి తిరిగొచ్చాడు. దారిలో ఏ మజిలీకి ఎంత దూరం, నీళ్ళకి ఏముంది, అంగళ్ళున్నాయా లేవా, అన్నీ రాశాడు. అంత లెక్క రాసిన మనిషి గంగ గురించి చెబితే నమ్మబుద్ధవుతుంది. అడయారులో దివ్యజ్ఞాన సమాజం నడిపిన ఆల్కాట్ దొర కూడా రోజూ డైరీ రాసినవాడే, 'ఓల్డ్ డైరీ లీవ్స్' దాంట్లోంచి వచ్చిందే. కంటికి కనబడని గురువులు పంపారంటూ వచ్చిన మహాత్ముల ఉత్తరాలు ఆ సమాజంలో ఆయన సహచరి బ్లావట్‌స్కీ మాయేనని 1885లో లండన్ పరిశోధకులు తేల్చేశారు. ఆ వింతలు నేనూ నమ్మను. కానీ పుస్తకం కింద పెట్టలేను.

ఇక మా తాత డైరీ. అటక మీది ట్రంకుపెట్టెలో చెదలు తినగా మిగిలింది 1961 ఒక్కటే. మా ఇంట్లో ప్రతి పెళ్ళిలోనూ పెదనాన్న ఒక కథ చెబుతాడు, తాతకి పెరట్లో దైవదర్శనం అయిందని. ఆ పేజీ దొరికింది. "ఈ దినము సాయంత్రం పెరట్లో స్వామి కనిపించినారు. మాట రాలేదు." అంతే ఉంది. సిరా వెలిసిపోయి బూడిదరంగుకి తిరిగింది. చేతులు వణికాయి, అబద్ధమెందుకు. ఆ రాత్రి కరెంటు పోతే టార్చి వేసుకుని మరీ చదివాను.

నాలుగు పేజీల తర్వాత: "స్వామికి గానుగ బాకీ రూ. 4 ఇచ్చితిని. ఇక మొహం చూడగలను."

ఆ స్వామి వీధి చివర గానుగాడించే స్వామినాథం! తాతకి మాట రాకపోవడానికి కారణం భక్తి కాదు, బాకీ. ఒక్కణ్ణే కూర్చుని పకపకా నవ్వాను, పక్కింటివాళ్ళు టార్చి వేసి చూశారు కూడా. తర్వాత చాలాసేపు మాత్రం ఆ నాలుగు రూపాయల గురించే ఆలోచించాను. ఇంట్లో ఆరుగురు పిల్లలు, ఆ ఏడాది చెరువు నిండలేదని అంతకుముందు పేజీల్లోనే ఉంది.

పొద్దున్నే అత్తయ్యకి ఫోన్ చేసి చెప్పాను. "ఒరేయ్, ఆ ముక్క మీ పెదనాన్న చెవిన వెయ్యకు. ఎనభై ఆరేళ్ళొచ్చాయి, ఆ దర్శనం పట్టుకునే బతుకుతున్నాడు" అంది.

వెయ్యలేదు. మొన్న సంక్రాంతికి ఆయన మళ్ళీ అదే కథ ఎత్తుకున్నాడు. ఈసారి తులసికోటలో దీపం దానంతటదే వెలిగిందట.