ఇరవై ఏళ్ల జిప్సీ ఉంచుకోవాలా, అప్పు చేసి జిమ్నీ కొనాలా?

ప్రశ్న: నాకు 43 ఏళ్లు. నర్సీపట్నం దగ్గర ప్రభుత్వ టీచర్‌ని. జీతం చేతికి రూ.72,000 వస్తుంది, ఇంటి లోన్ ఈఎంఐ రూ.18,000. ఎఫ్‌డీ రూ.4 లక్షలుంది. నాన్నగారు 2006లో కొన్న మారుతి జిప్సీ మీదే కొండవాలున ఉన్న మా జీడితోటకు వెళ్తాను. భార్యా పిల్లలతో విశాఖకూ అదే, కానీ అందులో హైవే ఎక్కాలంటే మా ఆవిడకు భయం. ఏడాదికి 6,000 కిలోమీటర్లు తిరుగుతుంది. ఐదేళ్లలో రిపేర్లకు రూ.2.1 లక్షలైంది, అందులో రూ.85,000 నిరుడు ఇంజిన్‌కే. ఈ ఏడు రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఉంది. షోరూంవాళ్లు ఎక్స్ఛేంజ్‌లో రూ.2.2 లక్షలిస్తామంటున్నారు. కొత్త జిమ్నీ ఆన్‌రోడ్ రూ.15 లక్షలు. ఎఫ్‌డీలో కొంత తీసి, రూ.10 లక్షలు లోన్ పెట్టనా? నాన్నగారి బండి అమ్మాలంటే మనసు రావడం లేదు.

జవాబు: జిప్సీని ఉంచుకోండి సార్. కానీ పిల్లల్ని దాని వెనక సీట్లో కూర్చోబెట్టి హైవే ఎక్కడం మాత్రం ఈరోజే ఆపేయండి. ఎదురెదురుగా ఉండే ఆ బెంచీలకు బెల్టుల్లేవు, బండికి ఎయిర్‌బ్యాగుల్లేవు, గట్టిగా బ్రేకు వేస్తే చక్రాలు బిగిసిపోకుండా చూసే ఏబీఎస్ లేదు. తోటకు వెళ్లే బండి, కుటుంబం ప్రయాణించే బండి ఒకటే కావాలనుకోవడం వల్లే మీ లెక్క పదిహేను లక్షల దాకా వెళ్లింది. వాటిని విడదీస్తే దారి దొరుకుతుంది.

నిరుటి రూ.85,000 బిల్లు చూసి బెదిరిపోయినట్టున్నారు. ఇంజిన్ పని ఏటా వచ్చేది కాదు. ఐదేళ్ల సగటు తీస్తే ఏడాదికి రూ.42,000. లీటరుకు పది కిలోమీటర్లిచ్చినా పెట్రోలు రూ.66,000 లోపే. 1000-1500 సీసీ కారుకు థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ప్రీమియం రూ.3,416, జీఎస్‌టీ కలిపితే నాలుగు వేల పైచిలుకు. మొత్తం రూ.1.12 లక్షలు.

జిమ్నీ పెట్రోలులో ఏటా ఓ ఇరవై వేలు మిగల్చవచ్చు. కొత్త బండి కాంప్రహెన్సివ్ ఇన్సూరెన్సుకే ఆ మిగులు చాలదు. పది లక్షల లోన్ 9.5 శాతం వడ్డీకి ఏడేళ్లు పెట్టుకుంటే ఈఎంఐ సుమారు రూ.16,340. అంటే ఏడాదికి రూ.1.96 లక్షలు, మొత్తం మీద వడ్డీ రూ.3.7 లక్షలు. మీరిచ్చే ఆన్‌రోడ్ ధరలో లైఫ్ టాక్సే రూ.2 లక్షలు దాటుతుంది, బండి అమ్మినా అది తిరిగి రాదు. ఇంటి ఈఎంఐతో కలిపితే జీతంలో దాదాపు సగం వాయిదాలకే పోతుంది, ఎఫ్‌డీ రూ.1.2 లక్షలకు పడిపోతుంది. ఇంట్లో ఒకరు ఆస్పత్రిలో చేరితే ఆ డబ్బు ఎన్నాళ్లు వస్తుంది? జిమ్నీ మంచి బండి, ఆరు ఎయిర్‌బ్యాగులతో వస్తుంది, కొండదారికి లో-రేంజ్ గేరూ ఉంది. నా అభ్యంతరమంతా అప్పు మీదే.

ఆ రూ.16,340 కట్టగలనని మీరే అనుకున్నారు కదా, దాన్నే ఇలా పంచండి. పోస్టాఫీసు ఆర్‌డీలో నెలకు రూ.10,000. ఇప్పుడున్న 6.7 శాతం వడ్డీకి ఐదేళ్లలో రూ.7.13 లక్షలవుతుంది. రూ.3,500 రిపేర్ల కోసం విడి ఖాతాలో వేయండి. ఖర్చు లేని నెలలోనూ ఆపొద్దు. ఇంకో రెండు వేలు విశాఖ ప్రయాణాలకు, ఎయిర్‌బ్యాగులున్న అద్దె కారుకు. ఏడాదిలో ఐదారుసార్లకు సరిపోతుంది. మీ ఆవిడ భయం న్యాయమైనది, దానికి జవాబు కూడా ఇదే.

ఇదంతా చాసిస్, అంటే బండి బరువంతా మోసే కింది ఉక్కు చట్రం, బాగుంటేనే. ఇంజిన్, గేర్‌బాక్స్ మార్చుకోవచ్చు, కమాన్ పట్టీలు కొత్తవి వేయించవచ్చు. చాసిస్ పోతే బండి పోయినట్టే. రెన్యువల్‌కు డబ్బు కట్టే ముందే, ఎప్పుడూ చేసే మెకానిక్ దగ్గర కాకుండా మరొకరి దగ్గర బండిని ర్యాంప్ ఎక్కించండి. మ్యాట్లు తీయించి, నేలరేకులు, బాడీ చాసిస్ మీద కూర్చునే చోట్లు స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడమనండి. పైపై తుప్పయితే గీకించి రంగు వేయించండి. చాసిస్ పగిలి ఉన్నా, పాత వెల్డింగ్ అతుకులు కనిపించినా, నాన్నగారి జ్ఞాపకమే అయినా అమ్మేయండి. అప్పుడూ ఎక్స్ఛేంజ్‌కు ఇవ్వొద్దు. జిప్సీ కోసం వెతికే ఆఫ్‌రోడ్ అభిమానులు అంతకంటే ఎక్కువిస్తారు. ఆర్‌సీ వాళ్ల పేరు మీదికి మారేదాకా మాత్రం వదలకండి.

చాసిస్ గట్టిగా ఉందంటే పెట్రోలు గొట్టాలు, రబ్బరు సీళ్లు కూడా ఒకేసారి మార్పించండి. మనకిప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు, 2006 నాటి రబ్బరు దానికోసం చేసింది కాదు.

రెన్యువల్ ఐదేళ్లకు. ఇరవై ఏళ్లు దాటిన కారుకు 2025 ఆగస్టు నుంచి ఫీజు రూ.10,000, గ్రీన్ టాక్స్ వేరు. గడువుకు 60 రోజుల ముందు నుంచి రెన్యువల్ దరఖాస్తు, ఫారం 25, ఇవ్వొచ్చు, దాటితే నెలకు రూ.500 చొప్పున పడుతుంది. ముందు బంపర్‌కు బుల్‌బార్ (అదనంగా బిగించే ఇనుప కమ్మీలు) ఉంటే తనిఖీకి ముందే విప్పించేయండి, అది నిషేధం. ఈ రెన్యువల్ ముగిసే ఏడాదే మీ ఆర్‌డీ కూడా చేతికొస్తుంది. అప్పటికీ జిమ్నీయే కావాలనిపిస్తే సగం డబ్బు మీ దగ్గరే ఉంటుంది.